కాదనలేని తియెన్‌ఫు

కాంగ్‌వెయ్ అనే చేపల రేవులో ఎవరిని అడిగినా తియెన్‌ఫు అంత మంచివాడు లేడనేవాళ్లు. అడగకపోయినా అనేవాళ్లు. ఆ మాట ఆయన చెవిన పడేలా అంటే చాలు, కావలసిన పని అయిపోయేది.

చేపల వేలం జరిగే షెడ్డుకు పోయే దారిలో ఆయనది స్కూటర్లు బాగుచేసే కొట్టు. వెనక రెండు గదుల్లో కాపురం. యాభై దాటిన మనిషి. చేతినిండా గ్రీజు, మొహం నిండా నవ్వు, నోట్లో ఒకే మాట: "అలాగే." ఆల్చిప్పల వ్యాపారి ముంగ్‌చి వచ్చి చిన్న ట్రక్కు ఓ పూట ఇమ్మంటే అలాగే. అది వారం తరవాత ముక్కు పగిలే కంపుతో తిరిగొచ్చినా, మళ్లీ అడిగితే మళ్లీ అలాగే. ఒకసారి సముద్రం మీద వాళ్లను కాచే మాత్సు అమ్మవారి ఊరేగింపులో డోలు మొయ్యమని గుడి పెద్దలు అడిగారు. అలాగే అన్నాడు. అదే రోజు మేనకోడలి పెళ్లిలో వడ్డనలు చూసుకోమని అక్క అడిగింది. అలాగే అన్నాడు. చివరికి డోలు భుజానికి తగిలించుకునే పెళ్లి పందిట్లోకి పరుగెత్తాడు. పులుసు గిన్నెలు డోలు మీద పెట్టి వడ్డించాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆయన మంచితనాన్ని ఒప్పుకోని మనిషి ఊరంతటికీ ఒక్కరే, ఆయన భార్య ష్యూలియన్.

"నువ్వు మంచివాడివి కాదయ్యా, మెత్తనివాడివి. ఈ ఊళ్లోవాళ్లకి ఆ రెంటికీ తేడా తెలియదు" అనేది ఆవిడ చేపకు పొలుసు గీకుతూ.

"అలాగే" అనేవాడు తియెన్‌ఫు.

ఆయనకు పని నేర్పిన గురువు ఖున్‌షాన్. ఎనభై దాటాయి. తియెన్‌ఫు పన్నెండేళ్ల వయసులో తండ్రి సముద్రంలో పోతే, పిల్లవాణ్ణి తన కొట్లో కూర్చోబెట్టుకుని, స్పానర్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ఆయనే. పెళ్లి కుదిర్చిందీ ఆయనే. వయసు మీదపడ్డాక కొట్టు శిష్యుడికి వదిలేశాడు గానీ తన పాత పచ్చ స్కూటరు మాత్రం వదల్లేదు. రోజూ పొద్దున్నే దానిమీద బజారుకెళ్లి, నోట్లో వక్కముక్క వేసుకుని, నాలుగు కొట్ల దగ్గర నాలుగు కబుర్లు చెప్పి ఇంటికెళ్లేవాడు.

గొడవల్లా ఆయన కళ్లతోనే. చూపు మసకబారి ఏళ్లయింది. ఆసుపత్రికి పోదామని కోడలు పీయు అంటే, "నా కళ్లకేం? గుడి శిఖరం మీద డ్రాగన్ మీసాలు లెక్కపెట్టి చెప్పనా?" అని విరుచుకుపడేవాడు. ఆ డ్రాగన్‌కు మీసాలు విరిగిపోయి చాలాకాలమైందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అందుకని వీధే సర్దుకుంది. మలుపులో పచ్చ స్కూటరు చప్పుడు వినబడగానే ఎవరో ఒకరు "వచ్చేస్తున్నాడు!" అని కేకేసేవాళ్లు. కూరల గంపలు లోపలికి పోయేవి. స్టూళ్లు గోడకి చేరేవి. కుక్కలు కూడా వాటంతటవే లేచి పక్కసందులోకి నడిచేవి. ఆయన మధ్యలోంచి దర్జాగా సాగిపోతుంటే అందరూ "తాతా, బావున్నావా?" అని పలకరించేవాళ్లు. ఆయన వెళ్లాక మళ్లీ గంపలు బయటికొచ్చేవి.

ఒకనాడు లాన్యింగ్‌కు ఆ కేక వినబడలేదు. తియెన్‌ఫు కొట్టుకు ఎదురుగా ఆమె తోపుడుబండి మీద వేడి సోయా జున్ను అమ్ముతుంది. వంగుని గిన్నెలు కడుక్కుంటోంది. పంపు నీళ్ల చప్పుడులో ఏమీ తెలియలేదు. స్కూటరు నేరుగా వచ్చి బండిని గుద్దింది. అల్లం పాకం కాగుతున్న గిన్నె బోర్లాపడి, పాకం పొగలు కక్కుతూ రోడ్డంతా పారింది. లాన్యింగ్ వెనక్కి గెంతింది. చెప్పు అక్కడే ఉండిపోయింది. చెప్పు మీదుగా చక్రం పోయింది.

"ఎవరే అది, దారిలో బండి పెట్టింది?" అన్నాడు ఖున్‌షాన్ పడ్డచోటే కూర్చుని.

"నాదే తప్పు తాతా! ఇవాళ కాస్త ముందుకు పెట్టా" అంది లాన్యింగ్ నవ్వుతూ. బండి ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అందరూ పరుగెత్తుకొచ్చి తాతను లేపారు, దుమ్ము దులిపారు, బండి అక్కడ పెట్టినందుకు లాన్యింగ్‌ను తలా ఒక మాట అన్నారు. తియెన్‌ఫు కూడా పరుగెత్తాడు. గిన్నె తీసి లాన్యింగ్ చేతికిస్తుంటే, నవ్వుతున్న ఆ మనిషి చేతుల్లో మూత టకటకా కొట్టుకోవడం చూశాడు.

స్కూటరు ముందుచక్రం వంకరపోయింది, బ్రేకు విరిగింది. దాన్ని కొట్లోకి తోసుకొచ్చారు.

"ఒరేయ్, తొందరగా చేసి పెట్టు. బజారుకి నడిచిపోతే నా పరువేం కావాలి?" అన్నాడు ఖున్‌షాన్.

"అలాగే గురువుగారూ."

సాయంత్రం పీయు వచ్చింది. ఆమె భర్త దూర సముద్రాల్లో చేపలుపట్టే ఓడ మీద ఉంటాడు. ఇంటి బరువంతా ఈమెదే. గడపలోనే నిలబడి కళ్లు తుడుచుకుంది.

"అన్నా, ఇక ఆ బండి బాగవదని చెప్పెయ్. నేను చెబితే అన్నం మానేస్తాడు. మా ఆయనకు ఫోన్ చేస్తే, నాన్న మనసు కష్టపెట్టకు అంటారు. నువ్వు చెబితే వింటాడు."

"అలాగేనమ్మా."

ఆమె వెళ్లాక వంటింట్లోంచి ష్యూలియన్ తల బయటపెట్టింది. "ఆయనకీ అలాగే, ఈమెకీ అలాగే. ఏం చేద్దామనీ? స్కూటరు సగం బాగుచేస్తావా?"

మర్నాటినుంచీ తియెన్‌ఫు అబద్ధాలు మొదలుపెట్టాడు. తైచుంగ్ పట్నం నుంచి సామాను రావాలన్నాడు. వచ్చిన సామాను ఈ బండిది కాదన్నాడు. తుఫాను వల్ల లారీలు ఆగిపోయాయన్నాడు, ఆకాశంలో మబ్బుతునక లేని రోజున. ఖున్‌షాన్ ప్రతిరోజూ ఎండలో టోపీ పెట్టుకుని, గోడలు తడుముకుంటూ నడిచొచ్చి అడిగి పోతున్నాడు. ఒక్కో అబద్ధం చెప్పినప్పుడల్లా తియెన్‌ఫుకు ఆ పూట అన్నం సయించేది కాదు.

"చెప్పెయ్యకూడదూ?" అంది ష్యూలియన్.

"ఆ పెద్దాయన మొహం చూస్తూ ఎలా చెప్పనే?"

"మొహం చూస్తూ అబద్ధం మాత్రం చెప్పగలుగుతున్నావుగా."

చివరికి ఖున్‌షాన్ తైచుంగ్‌లో ఉన్న పాత స్నేహితుడికి తనే ఫోన్ చేసి, సామాను బస్సులో తెప్పించుకున్నాడు. పొట్లం చంకలో పెట్టుకుని పొద్దున్నే దిగాడు.

"నీవల్ల కాదులే. స్పానర్లు అందిస్తూ ఉండు, చాలు" అన్నాడు చొక్కా చేతులు మడుస్తూ.

ఆయన చేతులకు కళ్లతో పనిలేదు. స్క్రూలు తడిమి తీస్తున్నాడు, తడిమి బిగిస్తున్నాడు, మధ్యమధ్య వెనకటి కబుర్లు చెబుతున్నాడు. ఎంత హుషారుగా ఉన్నాడంటే, తియెన్‌ఫు కూడా కాసేపు అన్నీ మరిచిపోయి నవ్వాడు. అంతలో ఖున్‌షాన్ టీ తాగిన గ్లాసును స్టూలు మీద పెట్టబోయి గాల్లో పెట్టాడు. గ్లాసు నేలపడి భళ్లున పగిలింది.

"ఎవడ్రా స్టూలు జరిపింది?"

"నేనే గురువుగారూ" అన్నాడు తియెన్‌ఫు. స్టూలును ఎవరూ జరపలేదు. గాజుముక్కలు ఏరుతుంటే ఆయనకు లాన్యింగ్ చేతుల్లో టకటకలాడిన మూత గుర్తొచ్చింది.

బండి బాగయింది. ఖున్‌షాన్ కిక్కు కొట్టాడు. ఇంజను బుర్రుమంది. ఎదురుగా లాన్యింగ్ ఆ చప్పుడు విని, తినేవాళ్ల చేతుల్లోంచి గిన్నెలు లాక్కున్నంత పనిచేసి, బండిని గోడవైపు తొయ్యడం మొదలుపెట్టింది. చక్రం రాయికి తట్టుకుని కదలడం లేదు.

తియెన్‌ఫు కొట్టు గుమ్మం దాటి వెళ్లి స్కూటరుకు ఎదురుగా నిలబడ్డాడు. వద్దు గురువుగారూ అనాలనుకున్నాడు. నోరు తెరిచాడు. ఆ మాట ఆయన గొంతుకు అలవాటు లేదు. "వ..." దగ్గరే ఆగిపోయింది, రెండోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. ఇక చేసేది లేక రెండు చేతులూ బారచాపి అలాగే నిలబడ్డాడు.

ఖున్‌షాన్ సూటిగా ఆయన మొహంలోకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ హాయిగా నవ్వి, గేరు వేసి, బండిని ముందుకు కదిలించాడు.

వేగం లేదు గనక సరిపోయింది. చక్రం వచ్చి మోకాలికి తగిలింది. తియెన్‌ఫు పక్కకు తూలి, పంచర్లు చూసే నీళ్లతొట్టిలో కూలబడ్డాడు. నీళ్లు రెండువైపులా లేచి పడ్డాయి. ఖున్‌షాన్ గబుక్కున బ్రేకు వేశాడు.

"ఎవరది?"

"నేనే గురువుగారూ."

"నువ్వా? ఎక్కడున్నావురా?"

"మీ ఎదురుగానే."

"ఎప్పుడొచ్చావు?"

ఇప్పుడే వచ్చానండీ, చూసుకోకుండా అడ్డమొచ్చాను, తప్పు నాదే. ఆ జవాబు తియెన్‌ఫు నాలుక చివర సిద్ధంగా ఉంది. అదంటే గురువుగారి మనసు చివుక్కుమనదు, వీధి మళ్లీ నవ్వుకుంటుంది, అంతా ఎప్పటిలా సాగిపోతుంది. తొట్టిలో కూర్చునే ఆయన ఆ జవాబును మింగేశాడు.

"మీరు బండెక్కినప్పటినుంచీ ఇక్కడే నిలబడ్డాను. చేతులు కూడా చాపాను."

ఖున్‌షాన్ ఇంజను ఆపాడు.

తియెన్‌ఫు నీళ్లోడుతూ లేచి, వెళ్లి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"బండి ఇవ్వను గురువుగారూ. మీకు కనబడటం లేదు."

"నీకు పని నేర్పింది ఎవడ్రా?"

"మీరే."

"మీ నాన్న పోతే అన్నం పెట్టింది ఎవడు?"

"మీరే గురువుగారూ."

"తాళం ఇలా ఇవ్వు."

"వద్దు" అన్నాడు తియెన్‌ఫు. మాట వచ్చింది గానీ, గొంతు కీచుమని కోడిపిల్లలా పలికింది.

ఖున్‌షాన్ బండి దిగాడు. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, టోపీ కూడా మరిచిపోయి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రానికల్లా ఆయన మాట ఊరంతా పాకింది. గుడి పక్కన ముసలివాళ్లు టీ కాచుకునేచోట కూర్చుని చెప్పాడట: "నిక్షేపంలాంటి బండిని చెడగొట్టాడు. చేతకానివాడికి పని నేర్పాను. అడిగితే, తాళం లాక్కుని నన్ను వెళ్లగొట్టాడు."

ఊరికి కోపమొచ్చింది. ఇన్నాళ్లూ కేక వినగానే స్టూళ్లు లాక్కున్నవాళ్లే అందరికన్నా ముందు వచ్చి తిట్టారు. పెద్దాయన్ని అలా చేస్తావా అన్నారు. నిన్ను ఎంత మంచివాడివనుకున్నాం అన్నారు. పెట్రోలు బంకు దగ్గర స్కూటర్లు బాగుచేసే ఇంకో కుర్రాడి కొట్టుకు గిరాకీ పెరిగింది. లాన్యింగ్ కూడా, "ఏమైనా తాత ఉసూరుమన్నాడన్నా" అంది, బండిని చెట్టునీడన రోడ్డంచుకు హాయిగా జరుపుకుంటూ. అటు జరుపుకోవడం తియెన్‌ఫు చూశాడు. లోపల ఎందుకో తేలిగ్గా అనిపించింది.

ష్యూలియన్‌కు ఒళ్లు మండిపోయింది. జరిగిందంతా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసింది.

"ఇప్పుడే వెళ్లి చెబుతా. ఎదురుగా చేతులు చాపి నిలబడ్డ మనిషి ఆయనకు కనబడలేదని ఒక్కొక్కళ్ల చెవిలో ఊదుతా!"

"చెప్పకు."

"ఏం? నీకు పని రాదంటున్నారయ్యా, బుద్ధి ఉందా?"

"ఆయన చూపు సంగతి ఊరికి తెలుసు. ఊరికి తెలుసని ఆయనకు తెలియదు. తెలియనక్కరలేదు. నాకు పని రాదనుకుంటే అనుకోనీ, నెలకో రెణ్ణెల్లకో మరిచిపోతారు. నువ్వు మాత్రం చెప్పకు."

ష్యూలియన్ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "పెళ్లయినప్పటినుంచీ నువ్వు నన్ను కాదనడం ఇదే మొదలు, తెలుసా?"

తియెన్‌ఫు కంగారుపడ్డాడు. "కోపమొచ్చిందా?"

"లేదు. ఏదో కొత్త మొగుడు ఇంట్లోకొచ్చినట్టుంది" అని ఆవిడ పకపకా నవ్వి, ఆ రాత్రి చేప తలకాయ ఆయన గిన్నెలోనే వేసింది.

ఆ ఊపులో మర్నాడు ముంగ్‌చి ట్రక్కు కోసం వస్తే, తియెన్‌ఫు గొంతు సవరించుకుని "ఇవ్వను, కంపు కొడుతోంది" అన్నాడు. ఈసారి గొంతు అంతగా కీచుమనలేదు. ముంగ్‌చి ఆయన నుదురు తాకి చూసి, "జ్వరమేమో వదినా, చూసుకో" అని ష్యూలియన్‌తో చెప్పి వెళ్లిపోయాడు.

ఖున్‌షాన్ మాత్రం ఇల్లు కదలడం మానేశాడు. పలకడు, టీవీ పెట్టుకుని దానివైపు కాకుండా గోడవైపు కూర్చుంటాడు అంది పీయు. తియెన్‌ఫు టోపీ ఇచ్చే నెపంతో వెళితే, టోపీ లోపలికి పోయింది, తలుపు మూసుకుపోయింది. ఆ రోజు తియెన్‌ఫు కొట్టు తెరవలేదు. చేసింది సరైన పనే అయితే ఇంత బాధేమిటని పొద్దుటినుంచీ మంచం మీద పడి ఆలోచించాడు. తెమల్లేదు.

మర్నాడు పొద్దున్నే ష్యూలియన్ తన స్కూటరు తీసుకెళ్లి, ఖున్‌షాన్ గుమ్మం ముందు ఆపి, ఆపకుండా హారను కొట్టింది.

"బాబాయ్! చేపల వేలానికి వెళుతున్నా. నన్ను చూస్తే ఆ దొంగవెధవలు ధర పెంచేస్తారు. బేరమాడే మనిషి కావాలి. వస్తారా, రారా?"

లోపలినుంచి చాలాసేపటికి గొంతు వినబడింది. "మీ ఆయన పంపాడా?"

"మా ఆయన పంపితే నేను వస్తానా?"

అది నిజమేనని ఊళ్లో అందరికీ తెలుసు. తలుపు తెరుచుకుంది.

ష్యూలియన్ బండి నడపడం గురించి ఖున్‌షాన్‌కు అంతవరకూ తెలియదు. ఆవిడ స్కూటరుకు బ్రేకులున్నాయి గానీ వాటిని వాడటం అవమానంగా భావిస్తుంది. రేవు మలుపు తిరిగేటప్పుడు ఆయన "అమ్మా మాత్సూ!" అని అరిచిన అరుపుకు పడవల మీద వాళ్లు కూడా తలెత్తి చూశారు. వేలం షెడ్డులో దిగాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. చేపల మొప్పలు వేళ్లతో తడిమి, వాసన చూసి, ఇది నిన్నటిది, ఇది మొన్నటిది, ఇది మీ తాత పట్టింది అంటూ అమ్మేవాళ్లను ఏడిపించి వదిలాడు. నెలరోజుల మాటలన్నీ ఒక్క పూటలో ఆడేశాడు.

తిరిగొచ్చి తియెన్‌ఫు కొట్టు ముందు దిగాడు. జుట్టంతా నిలుచుని ఉంది.

"ఒరేయ్ దద్దమ్మా! నా తాళం లాక్కున్నావే, ముందు దీని తాళం లాక్కోవాల్రా! ఇది మనుషుల్ని చంపుతుంది!"

అన్ని రోజులకు ఆయన తియెన్‌ఫుతో అన్న మొదటి మాట అది. తియెన్‌ఫు స్టూలు తెచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఈసారి విదిలించుకోలేదు. ష్యూలియన్ చేపలు తీసుకుని లోపలికి పోయింది.

"ఆ రోజు నిజంగా నా ఎదురుగానే ఉన్నావా?" అన్నాడు ఖున్‌షాన్ కాసేపయ్యాక, గొంతు తగ్గించి.

"అవును గురువుగారూ."

"చేతులు చాపి?"

"చాపే."

"మరి నోటికేమొచ్చింది? అరిచి చావొచ్చుగా!"

"వద్దు అందామనే అనుకున్నానండీ. రాలేదు."

ఖున్‌షాన్ అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. దగ్గు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ పిల్ల... జున్ను అమ్మే పిల్ల. దానికేం కాలేదు కదా?"

"ఏం కాలేదు. చెప్పు తెగింది, అంతే."

"చెప్పులో కాలుంటే?"

తియెన్‌ఫు గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. ఖున్‌షాన్ తల పంకించాడు. "నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపో. కోడలికి చెప్పకు, సంబరపడి ఊరంతా చెబుతుంది."

"ఆమెకు చెప్పకుండా కుదరదు గురువుగారూ. చెబుతాను."

"బాగా ఎక్కువైందిరా నీకు ఈమధ్య" అన్నాడు ఖున్‌షాన్.

చియాయీ పట్నంలో పెద్ద ఆసుపత్రి. ఒక కంటికి ఆపరేషన్ చేశారు. రెండోది ఇక లాభం లేదన్నారు. కట్టు విప్పే రోజున పీయు చేతులు జోడించి మూల నిలబడింది. తియెన్‌ఫు మంచం పక్కన నిలబడ్డాడు. డాక్టరమ్మ దూది తీసి, మెల్లిగా తెరవండి తాతగారూ అంది.

ఖున్‌షాన్ కన్ను తెరిచాడు. ముందు పైకప్పు చూశాడు. డాక్టరమ్మను చూశాడు. కోడలిని చూసి, "చిక్కిపోయావేమిటే?" అన్నాడు. తరవాత తియెన్‌ఫు వైపు తిరిగి, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"నువ్వెవడివి?"

"నేను గురువుగారూ, తియెన్‌ఫుని."

"ఓరి దేవుడా! ఇంత ముసలివాడివి ఎప్పుడయ్యావురా? ఆ పొట్టేమిటి? ఆ జుట్టెక్కడికి పోయింది? ఒక్కమాట చెప్పనేలేదే!"

"మీరు అడగలేదండీ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. ఖున్‌షాన్ చెయ్యి చాపి, శిష్యుడి బట్టతల మీద ఒకటి ఇచ్చాడు. ఆ పైన ఆకలేస్తోందన్నాడు. ముగ్గురూ ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో టర్కీ కోడి అన్నం తిన్నారు. ఖున్‌షాన్ ఒక్కొక్క ముక్కనూ అన్నం తినే పుల్లలతో ఎత్తి, కిటికీ వెలుతురుకు పెట్టి, ఆ వైపూ ఈ వైపూ తిప్పి చూసుకుంటూ తినేసరికి మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది.